పుస్తకమున కెక్కని నాటకము

పాత రికార్డులను సేకరించుట నేడు లోకమున నొక పెద్ద వ్యాపకమైనది. 1960 మొదలు 1975 వఱకు గల కాలమున ఐరోపా, అమెరికా ఖండములయందు లెక్కకు మిక్కిలిగా రాక్ సంగీతబృందములు పుట్టినవి. నలుగురైదుగురు యువకులు చేరి, విద్యుత్తుతో మ్రోగు గిటారులను మీటుచు, కలలో విన్నట్లు తోచు వింతనాదములను కల్పించిరి. దానికి సైకెడెలిక్ సంగీతమని పేరు. అందు కొన్ని బృందములు దేశదేశముల కీర్తిగాంచినవి. పెక్కు బృందములు మాత్రము స్వంత సొమ్ముతో కొలది ప్రతులు అచ్చొత్తించి, అవియు అమ్ముడుపోక, విడిపోయినవి. అట్టి రికార్డులకొఱకే నేడు సేకర్తలు ఊరూరు వెదకుచున్నారు. మన దేశమునను ఇట్టివి గలవు. ఒక సిగరెట్ల కంపెనీ నడపిన 'సిమ్లా బీట్' పోటీలకు సంబంధించిన బృందముల పాటలతో 1970లోను 1971లోను రెండు రికార్డులు వెలువడినవి. కొంతకాలమున కవి దొరకకపోయెను. తరువాత విదేశములలో మరల అచ్చుపడెను.

కృష్ణ యొడ్డున గూర్చుండి ఈ సంగతు లెందుకని శ్రోతలు శంకింపవచ్చును. ఈ బృందములను గూర్చి తలచినప్పుడెల్ల నాకొక విషయము స్ఫురించును. ఆ యువకులు తమ సంగీతమును స్వరపఱచి వ్రాసికొనలేదు. పుస్తకమేదియు విడిచిపోలేదు. రికార్డు దక్కినచో వారి సంగీతము దక్కును. రికార్డు పోయినచో అది లేనట్లే. సరిగా ఇట్టి స్థితియే, వారికి నలువది యేబది యేండ్లకు ముందు, మన డెల్టాలో నాటకములాడిన సమాజములకును గలిగినది. ఆ సమాజములను గూర్చియు, వారు విడిచిపోయిన లక్కపళ్లెములను గూర్చియు ఈ పూట ముచ్చటింపదలచితిని.

ముందుగా ఆ సమాజములు నిలుచుటకు ఆధారమెద్దియో చూతము. 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. తూర్పు పడమర కాలువలు సాగి, వాననే నమ్ముకొనియుండిన నేల మాగాణియైనది. కాలువలపై పడవలు తిరిగినవి. 1893లో కృష్ణపై రైలువంతెన పడినది. బెజవాడ మదరాసునకును, కలకత్తాకును దగ్గఱయైనది. పంట చేతికి వచ్చి, కుప్పలు నూర్చి, గాదెలు నిండిన పిమ్మట రైతునకు తీరిక దొరకెడిది. చేతిలో నాలుగు డబ్బులును ఆడెడివి. నాటకములకది యదను. పందిరి వేసి, తెరలు గట్టి, పెట్రోమాక్సు దీపములు వ్రేలాడగట్టినచో, చుట్టుప్రక్కల పది గ్రామముల జనము బండ్లు గట్టుకొని వచ్చెడివారు. రాత్రి తొమ్మిది గంటలకు ప్రార్థన మొదలయ్యెనేని, భరతవాక్యము నాటికి తూర్పున తెల్లవారెడిది.

ఈ ప్రాంతమున ప్రసిద్ధికెక్కిన సమాజములు పెక్కు. విజయవాడకు ఉత్తరమున నున్న మైలవరమున జమీందారుల ఆదరణమున 'బాలభారతీ నాటక సమాజము' వర్ధిల్లినది. యడవల్లి సూర్యనారాయణగారు, కపిలవాయి రామనాథశాస్త్రిగారు ఆ సమాజమునుండి పేరుగాంచిన నటులు. కాలువ కావలిగట్టున తెనాలిలో 'శ్రీరామవిలాస సభ' వెలసినది. స్థానం నరసింహారావుగారు అచ్చటి దీపము. బందరు పట్టణమున డి. వి. సుబ్బారావుగారి హరిశ్చంద్ర పాత్రకు జనము విరుగబడెడివారు. ఆ బందరులోనే చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఉపాధ్యాయులుగా నుండిరి. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయములు' పద్యములు రాని నటుడు ఆ కాలమున నటుడే కాడు. రాని రైతు కూడ అరుదే. నాగలి పట్టినవాడును కృష్ణరాయబారపు పద్యమునే ఎత్తుకొనెడివాడు.

ఇక పళ్లెము సంగతి. బెర్లినర్ అను నాయన చదునైన పళ్లెముపై ధ్వనిని గీయు విధానమును 1887లో కనుగొనెను. 1902లో గ్రామఫోను కంపెనీవారి పక్షమున గైస్బర్గు కలకత్తాకు వచ్చి, మన దేశపు గాయనీగాయకుల పాటలను గ్రహించెను. అందు గౌహర్ జాన్ అను విదుషీమణి పాట ముగియగనే తన పేరును తానే ఇంగ్లీషున చెప్పుకొనెడిది. పళ్లెములను అచ్చొత్తునది జర్మనీలోని హానోవరు పట్టణమున. అచ్చటి పనివారికి ఎవరి పాట యేదో తెలియవలెనుగదా! 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే కర్మాగారము వెలసిన పిదప ఆ ప్రయాణము తప్పినది. దక్షిణమున మదరాసు కేంద్రమైనది. కుక్కబొమ్మ కంపెనీ, కొలంబియా, ఓడియన్ అను పేళ్లు మన పల్లెలలో గూడ ఇంటిపేళ్లవలె వినబడజొచ్చినవి.

ఆ పళ్లెమునకు ముఖ్యద్రవ్యము లక్క. చెట్టుకొమ్మలపై చిన్న పురుగులు స్రవించు జిగురది. లోకమునకు దానిని అందించిన దేశములలో మనదే పెద్ద. దానిలో రాతిపొడియు, మసియు, నూలుపీచును కలిపి వేడిమిచే మెత్తబఱచి అచ్చులో నొత్తెడివారు. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల పళ్లెమునకు ఒక్కొక్క వైపున ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే ఎడము. 1925లో విద్యుత్తుతో శబ్దమును గ్రహించు పద్ధతి వచ్చినంతవఱకు, గాయకుడు పెద్ద బాకాలో ముఖముంచి బిగ్గఱగా పాడవలసియుండెను. మెల్లని గొంతుకలు అందులో మునిగిపోయెడివి. వేలమంది యెదుట, ఏ యంత్రమును లేక, చివరి వరుసలోని నేలటిక్కెట్టువాని వఱకు వినిపింపజేసిన మన రంగస్థల నటులకు ఆ బాకా పెద్ద కష్టమైయుండదు.

కాని మూడు నిమిషములు మాత్రము కష్టమే. రంగముపై పద్యమునకు గడియారము లేదు. నటుడు హార్మనీవాని వైపు చూచి శ్రుతి నందుకొని, రాగము నెత్తి, పాదము పాదమునకు నడుమ తిరిగి, సంగతుల నల్లి, తుదకు పద్యమును సభవారి చేతిలో పెట్టెడివాడు. 'వన్స్ మోర్' అను కేక వచ్చెనా, చచ్చిపడియున్న పాత్రయైనను లేచి మరల పాడవలసినదే! ఇదంతయు మూడు నిమిషములలో ఇముడునా? ఇముడదు గనుక రాగము తగ్గినది, సంగతులు ఎన్నుకొనబడినవి, పద్యమునకొక నిర్దిష్టమైన ఆకృతి యేర్పడినది. ఆ పళ్లెము విని పల్లెటూళ్ల నటులు పద్యములు నేర్చిరి. పెద్దనటుడు ఒకనాటి మధ్యాహ్నమున, మదరాసులో నొక గదిలో, గడియారమునకు వెఱచి పాడిన పాటయే వారికి ప్రమాణమైనది. ఆ నటుడే రాత్రి రంగముపై దానిని వేఱుగా పాడుచుండవచ్చును. మనమిప్పుడు 'పూర్వసంప్రదాయము' అని గౌరవించునది కొంత సంప్రదాయము, కొంత మూడు నిమిషముల నిర్బంధము.

ఒక్క పళ్లెమున పద్యము పట్టును, నాటకము పట్టదు. కావున కంపెనీలవారు నాటకమును కుదించి, నాలుగో ఎనిమిదో పళ్లెముల వరుసగా విడుదల చేయసాగిరి. వీనినే 'డ్రామాసెట్లు' అనిరి. పాశ్చాత్యదేశములలో ఇట్టి వరుసలను ఫొటోలుంచు పుస్తకమువలె అట్టసంచులు కుట్టి అమ్మెడివారు. ఆ కుట్టిన పుస్తకమునకే 'ఆల్బము' అని పేరు. తరువాత వచ్చిన పెద్ద ప్లాస్టికు రికార్డు ఒక్కటే అంత సంగీతమును మోయగలిగినను, పేరు మాత్రము ఆల్బమనియే నిలిచినది.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తును. నాటకము పుస్తకరూపమున నుండగా పళ్లెము పోయిన మాత్రమున నష్టమేమి యని కొందఱందురు. నష్టమేమో రెండుదాహరణములతో మనవిచేసెదను.

హరిశ్చంద్ర నాటకమున కాటిసీను తెలియని యాంధ్రుడుండడు. ఆ నాటకమును వ్రాసినవారు బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు. కాని శ్మశానమున హరిశ్చంద్రుడు నిలిచి జీవితపు అశాశ్వతత్వమును గూర్చి పాడు పద్యములలో జనుల గుండెలను ఎక్కువగా కరగించినవి వారివి కావు; గుఱ్ఱము జాషువాగారివి. శ్మశానమును గూర్చి జాషువాగారు విడిగా వ్రాసిన ఖండికలోని పద్యములను నటులు తెచ్చి, హరిశ్చంద్రుని నోట పెట్టిరి. అవి అచట నట్లే యతికిపోయినవి. కులము పేర ఎన్నో అవమానముల నెదుర్కొనిన కవి పద్యములు కాటికాపరియైన చక్రవర్తి నోట పలికినప్పుడు, రాజును పేదయు ఒక్కచోటనే పండుకొను ఆ నేలపై, వానికి కలిగిన బలము ఎట్టిదో వినినవారెఱుగుదురు. ఈ కూర్పును చేసినది కవియా? నాటకకర్తయా? ఇరువురును గారు. నటులు చేసిరి, సభవారు చేతులు చఱచి ముద్రవేసిరి. మూలనాటకమును తెఱచి చూచినచో ఇది కానరాదు. కాటిసీను పళ్లెమును వినినచో తెలియును.

రెండవది స్థానం నరసింహారావుగారి సంగతి. ఆయన 1902లో బాపట్లలో జన్మించిరి. చంద్రమతి వేషము వేయవలసిన నటుడు రాకపోగా, ఆ లోటు తీర్చుటకై తొలిసారి స్త్రీపాత్ర ధరించి రంగమెక్కిరి. ఆనాటినుండి సత్యభామగా, చింతామణిగా, దేవదేవిగా, రోషనారగా, మధురవాణిగా దశాబ్దములపాటు ఆంధ్రదేశమును మోహపెట్టిరి. 1956లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదమిచ్చినది. 1971లో స్వర్గస్థులైరి. ముత్తరాజు సుబ్బారావుగారి 'శ్రీకృష్ణ తులాభారము'లో సత్యభామ తన మాటను కృష్ణుడు దాటజాలడని గర్వించి పాడు 'మీరజాలగలడా' అను పాట గలదు. ఆ పాటను నాటకకర్త వ్రాయలేదు. స్థానంవారే తమ పాత్రకొఱకు వ్రాసికొనిరని ప్రసిద్ధి. స్థానంవారి గొంతుకతో అది పళ్లెమున కెక్కి యింటింట మ్రోగినది. 1966లో ఆ నాటకము చలనచిత్రమైనపుడు పెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతమున సుశీలగారు దానిని పాడిరి. నేటి పిల్లలకు తెలిసినది ఆ పాటయే. ఆడుపాత్ర ధరించిన మగవాడు తానై కల్పించుకొనిన పాట, తరువాత స్త్రీ కంఠమును చేరినది. నడుమ వారధిగా నిలిచినది నటుల నోరును, లక్కపళ్లెమును.

ఈ రెండుదాహరణములవలన తేలునదేమనగా, తెలుగు నాటకమునకు కర్త ఒక్కడు కాడు. కవి వ్రాసినది సగము. సమాజము రాత్రింబవళ్లు ఆడి చేర్చినది సగము. మొదటి సగము అచ్చుపడి గ్రంథాలయములయందు క్షేమముగ నున్నది. రెండవ సగమునకు పళ్లెమే సాక్షి. ఆ సాక్షి యిప్పుడు ముక్కలగుచున్నది.

ఎట్లు ముక్కలగుచున్నదో గూడ చెప్పవలెను. లక్క పెళుసు, చేయి జాఱినచో పగులును. ఉక్కుముల్లు ప్రతి పర్యాయము గాడిని కొంత ఒఱసి, మెల్లమెల్లగా శబ్దమును తినివేయును. అందుచేత అన్నింటికంటె ఎక్కువగా వినబడిన పళ్లెమే అన్నింటికంటె ముందు చచ్చును. 1932లో 'భక్తప్రహ్లాద'తో తెలుగు టాకీ వచ్చినది. నాటకపు పాటకు సినిమాపాట పోటీయైనది. రెండవ ప్రపంచయుద్ధకాలమున లక్కకు కఱవు వచ్చి, అమెరికాలో పాత పళ్లెము తెచ్చియిచ్చిననే క్రొత్తది యిచ్చు నియమము సాగినది. పాతదానిని కరగించి క్రొత్తది చేయుటయే పద్ధతియైనచోట పాతది మిగులుట యెట్లు? 1948లో అమెరికాలో చిరకాలము మ్రోగు ప్లాస్టికు రికార్డు వెలువడినది. 1960 నాటికి పాశ్చాత్యులు లక్కను విడిచిరి. మనదేశమున మాత్రము కీ యిచ్చి త్రిప్పు పాతయంత్రములే యిండ్లలో నుండుటచే, ఆ తరువాతను కొన్నేండ్లు కలకత్తా దగ్గఱి డమ్‌డమ్ కర్మాగారమున లక్కపళ్లెములు తయారైనవి. బీటిల్సు అను ప్రసిద్ధ ఆంగ్ల బృందముయొక్క పాటలు సయితము అచ్చట లక్కపై అచ్చుపడినవి. ఆ పళ్లెములకొఱకు నేడు ఐరోపాసేకర్తలు పెద్దమొత్తములు చెల్లించుచున్నారు. అదే లక్కపై, అట్టి యచ్చులోనే వచ్చిన మన కాటిసీను పళ్లెమునకు మనవద్ద వెల లేదు.

ప్రకృతియు తోడైనది. మన డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ. అట్టసంచులకు బూజు పట్టును, చెద పట్టును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలకొలది మనుష్యులు మరణించిరి. ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయినవి. అంతటి ప్రాణనష్టము ముందర పాటల పెట్టెను గూర్చి మాటలాడుట తగదు. అయినను, ఆ యిండ్లతో ఎన్ని తరముల స్మృతులు నీటిపాలయ్యెనో అని మాత్రము తలపక తప్పదు.

తుపానులను నిందించి నేను తప్పించుకొనరాదు. పళ్లెములను పోగొట్టినవారిలో నేను నొకడను. మా యింట టేకుపెట్టె యొకటి, దాని నిండ పళ్లెములు నుండెడివి. మా నాయనమ్మకు చదువు రాదు. కాగితపుచీటి అంచు చిరిగినది రాయబారమనియు, చీటిపై పసుపు మరక పడినది తులాభారమనియు ఆమెకు గుఱుతు. ఒక పళ్లెమున పద్యము మూడవపాదముకడ గాడి దెబ్బతినియుండెను. ముల్లు అచ్చటికి రాగానే ఎగిరి, ఒకే మాటను రెండుసార్లు పలికించి ముందునకు పోయెడిది. మా నాయనమ్మ వంటింటిలో ఆ పద్యమును తానుగా పాడుకొనునపుడు గూడ ఆ మాటను రెండుసార్లే పలికెడిది. నేను నవ్వెడివాడను. 'నవ్వకురా, అది అట్లాగే ఉంటుంది' అని ఆమె మందలించెడిది. ఆమె పోయిన తరువాత టేపురికార్డరు వచ్చినది. పెట్టె అడ్డమైనది. ఒకనాడు పాతసామానులవాడు వీధిలోనికి వచ్చెను. పెట్టెకొక వెల, పళ్లెములకు తూకము. బేరమాడినవాడను నేనే. అందేమేమి యుండెనో చీటీలైనను చదివి వ్రాసికొనలేదు. ఆ రాయబారము ఎవరు పాడినదో నేడు నన్నడిగినచో చెప్పజాలను. మూడవపాదమున ఏ మాట రెండుసార్లు వచ్చెడిదో మాత్రము చెప్పగలను.

అరుదైన రికార్డు అనగనే అదేదో పుట్టుకతోనే మహత్త్వముగలదని భ్రమపడుదుము. ఏ రికార్డును అరుదుగా పుట్టదు. కొన్నిటికి మొదటనే ప్రతులు తక్కువ. ఇంటింట నుండిన వానినో, మనమే అరుదు గావించితిమి. ఆ రాక్ బృందముల రికార్డుల విషయమున పాశ్చాత్యులు ఆలస్యముగానైనను మేల్కొనిరి. మిగిలిన యొకటి రెండు ప్రతులనుండియే శబ్దమును గ్రహించి మరల అచ్చొత్తిరి. బ్రదికియున్న సభ్యులను వెదకి, ఎవరు ఏ వాద్యము వాయించిరో, ఏ గదిలో పాడిరో అడిగి వ్రాసికొనిరి. బ్రిటిషు లైబ్రరీవారు, ఆపదలోనున్న సంగ్రహముల రక్షణకై యేర్పఱచిన పథకము క్రింద, బొంబాయి 'యంగ్ ఇండియా' కంపెనీవారి పళ్లెములను గూడ కంప్యూటరులలో భద్రపఱచుటకు తోడ్పడిరి. మన పద్యములకును ఇట్టి పని జరుగవలెను. దానికి పెద్ద ధనము గాని, ప్రభుత్వాజ్ఞ గాని వచ్చువఱకు వేచియుండనక్కఱలేదు. మన యింటినుండియే మొదలిడవచ్చును.

అటకపై పెట్టె యున్నచో దింపుడు. పళ్లెములను ఒకదానిపై నొకటి పడవేయక, పుస్తకములవలె నిలువుగా నుంచుడు. ఎండతగులనీయకుడు, లక్క వంగిపోవును. దుమ్మును మెత్తని పొడిగుడ్డతో తుడువుడు. స్పిరిటు మాత్రము ముట్టింపరాదు. సారాయి జాతి ద్రవములలో లక్క కరగిపోవును, పద్యము గుడ్డకంటుకొని వచ్చును. వేడుకకొఱకైనను పాతయంత్రమునకు కీ యిచ్చి ఉక్కుముల్లుతో మ్రోగింపకుడు. ఆ వేడుక ఆ పళ్లెమునకు చివరిది కావచ్చును. 78 చుట్ల పళ్లెముల వెడల్పైన గాడికి తగిన ముల్లుగల విద్యుద్యంత్రములు నేడు గలవు. వానితో ఒక్కసారి మ్రోగించి కంప్యూటరులోనికి గ్రహించినచో చాలును. చీటిని రెండువైపుల ఫొటో తీయుడు. చీటికి చుట్టును నల్లని నేలపై చెక్కిన అంకెలుండును. అవి శబ్దగ్రహణపు గుఱుతులు. వానిని తప్పులేక వ్రాసికొనుడు. చీటి చిరిగిన పళ్లెమునకు అవియే జన్మపత్రిక.

చట్టమును గూర్చి వెఱపు కొందఱకుండును. మనదేశపు చట్టము ననుసరించి శబ్దగ్రహణముపై హక్కు, అది వెలువడిన మఱుసటి సంవత్సరము మొదలు 60 సంవత్సరములు. కావున ఆ కాలపు పళ్లెములపై కంపెనీలకు గల ఆ హక్కు తీరిపోయినది. పద్యమును వ్రాసిన కవి హక్కు వేఱు. అది ఆయన మరణానంతరము 60 సంవత్సరములుండును. ఈ రెండింటిని గమనించినవారికి, భద్రపఱచుటలో భయపడవలసినది లేదు.

పళ్లెముకంటె ముందుగా భద్రపఱుపదగినది మఱియొకటి గలదు. చీటిపై నటుని పేరుండును, నాటకము పేరుండును. హార్మనీ వాయించినవాని పేరు తఱచుగా నుండదు. తబలావాని పేరుండదు. తెర వెనుక శ్రుతి నందించినవారు, వేషము దిద్దినవారు, కాలువపడవలోనికి సామానెక్కించినవారు ఏ చీటిపైనను లేరు. వారి సంతతి మన యూళ్లలోనే యున్నది. 'మా తాత ఫలాని సమాజములో హార్మనిస్టు' అని చెప్పగలవారు మన ప్రక్కవీధిలోనే యుండవచ్చును. ఆ మాట వ్రాసికొనుటకు యంత్రమక్కఱలేదు. కాగితమును, ఒక సాయంకాలమును చాలును. ఆ పళ్లెములు మ్రోగిన కాలమున పిల్లలుగా నున్నవారు నేడు మిక్కిలి వృద్ధులు. పళ్లెము పదియేండ్లు ఆగవచ్చును. వారు ఆగజాలరు.

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. రంగస్థలమునుండి పళ్లెమునకును, పళ్లెమునుండి ఆకాశమునకును మన పద్యము ప్రయాణించిన త్రోవలో ఈ కేంద్రమును ఒక మజిలీ. ఇక్కడనుండి నేను పలుకు మాట ఈ రాత్రి ఏ పాత పెట్టె యున్న యింటనైనను వినబడినచో, రేపు ఉదయమున ఆ పెట్టెను ఒక్కసారి తెఱచి చూడవలసినదని వేడుచున్నాను. పాతసామానులవాడు ఎల్లుండి రావచ్చును. అతనికంటె ముందుగా మనము వెళ్లవలెను.